జంబో మునిగింది 2022లో కాదు

2022 జూన్ 14. మా తీరంలో ఆ తేదీ ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం ఆ రోజుతో తీరుతుంది, 61 రోజులు ఇసుకలో పడున్న పడవలు మళ్లీ నీళ్లలో దిగుతాయి, ఐసు పెట్టెలు కడుగుతారు, వలకి చిరుగులు కట్టే పని ఆఖరి నిమిషం దాకా సాగుతూనే ఉంటుంది. సరిగ్గా అదే రోజు హాంకాంగ్‌లోని అబెర్డీన్ రేవు నుంచి మూడంతస్తుల తేలే రెస్టారెంటును తాళ్లు కట్టి సముద్రంలోకి లాక్కుపోయారు. దాని పేరు జంబో. పొడవు 80 మీటర్లకి కాస్త తక్కువ, ఒకేసారి 2,300 మంది కూర్చుని తినొచ్చు, బయట చూస్తే చైనా చక్రవర్తుల రాజభవనం. మన పడవలు మొదటి వేట ముగించుకుని ఒడ్డుకి వచ్చే వేళకి అది దక్షిణ చైనా సముద్రంలో, పారాసెల్ దీవుల దగ్గర, వెయ్యి మీటర్లకి పైగా లోతున్న చోట తిరగబడిపోయింది.

ఆ వార్త చదవగానే మావకి ఫోన్ చేశాను. మా మావ ఎనభైల్లో సరుకుల ఓడ మీద ఖలాసీగా పనిచేశాడు. వంశధార సముద్రంలో కలిసే చోటుకి దగ్గరలో ఉంటుంది మా ఊరు, ఆ రోజుల్లో మా వీధిలో హాంకాంగ్ చూసొచ్చిన మనిషి ఆయనొక్కడే. వచ్చేటప్పుడు జంబో బొమ్మ ఉన్న పోస్టుకార్డు ఒకటి తెచ్చాడు. రాత్రిపూట తీసిన ఫోటో, ఎర్రటి, బంగారు రంగు దీపాలన్నీ నల్లటి నీళ్లలో పొడుగ్గా సాగి కనిపిస్తాయి. మా అమ్మ దాన్ని దేవుడి గూట్లో, అప్పన్న పటం పక్కన పెట్టింది, అది కూడా ఏదో గుడే అనుకుని. నా చిన్నతనమంతా నేను కూడా అలాగే అనుకున్నాను.

“జంబో మునిగిపోయింది మావా” అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత “మునిగిపోనాదా? లోపల ఎంతమంది ఉన్నార్రా?” అన్నాడు.

“ఎవరూ లేరు, ఖాళీగా లాక్కెళ్తుంటే మునిగింది.”

“ఖాళీదా. అయితే పర్లేదురా.”

ఆ వారమంతా ఇంటర్నెట్‌లో జంబో గురించి వచ్చిన కన్నీళ్లన్నీ చదివాను. ఇంగ్లండు రాణి ఎలిజబెత్ వచ్చింది, టామ్ క్రూజ్ వచ్చాడు, మూడు కోట్ల మందికి పైగా సందర్శించారు (ఇది ఆ సంస్థ చెప్పుకున్న లెక్క), ఒక యుగం ముగిసింది, ఇలా. అన్నీ ఒకే చోట మొదలవుతాయి, 1976 అక్టోబరు, క్యాసినోల యజమాని స్టాన్లీ హో, రాజభవనం. నాకు మాత్రం జంబో చరిత్రని అక్కడి నుంచి చెప్పడం పెద్ద తప్పు అనిపిస్తుంది. అలా చెప్పబట్టే అది ఎందుకు చచ్చిపోయిందో అర్థం కాలేదు, దాన్ని చూసి మన తీరంలో కూడా ఒకటి కట్టాలనుకునేవాళ్లకి అసలే అర్థం కాదు.

అసలు కథ పెళ్లి భోజనాలది.

దక్షిణ చైనా తీరమంతా తరతరాలుగా పడవల మీదే బతికిన జనం ఉన్నారు. ఒడ్డు మీది వాళ్లు వాళ్లని టాంకా అని పిలిచేవాళ్లు, ఆ మాటలో చిన్నచూపు ఉంది కాబట్టి వాళ్లకది ఇష్టం ఉండదు, ‘నీళ్లమీది మనుషులం’ అని చెప్పుకుంటారు. పుట్టడం పడవలో, పెరగడం పడవలో. పాకే వయసు పిల్లల నడుముకి తాడు కట్టి రెండో కొస పడవకి కట్టేవాళ్లు, జారి పడితే పైకి లాగడానికి. ఒడ్డు మీద ఇల్లు కట్టుకోనిచ్చేవాళ్లు కాదు, నేల మీది వాళ్లతో వియ్యం లేదు, చదివి పరీక్షలు రాసి కొలువులోకి వెళ్లే దారి లేదు. 1729లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి వాళ్లు ఒడ్డున కాపురం ఉండొచ్చని ఫర్మానా ఇచ్చాడు, కానీ ఫర్మానా వచ్చినంత మాత్రాన ఊళ్లోకి రానిచ్చేస్తారా, అది మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మన తీరంలో పల్లె ఒక చోట, ఊరు ఒక చోట ఎందుకు ఉంటాయో మనకి తెలుసు.

మరి అలాంటి వాళ్లింట్లో పెళ్లైతే? కాపురం ఉండే పడవలో పదిమంది కూర్చోవడానికే చోటుండదు, ఒడ్డు మీద సత్రం ఎవరూ ఇవ్వరు. అందుకని పెళ్లిళ్లకీ పండగలకీ అద్దెకిచ్చే పెద్ద పడవలు పుట్టాయి. రంగులు వేసి, చెక్కడాలు పెట్టి, దీపాలు కట్టి, వాటి మీద పాటలు పాడేవాళ్లు, విందులు వడ్డించేవాళ్లు. అబెర్డీన్ రేవులో (అక్కడి వాళ్లు దాన్ని ‘చిన్న హాంకాంగ్’ అంటారు) తుపానుకి పడవలు తలదాచుకునే చోటే ఈ విందు పడవలకీ చోటు. నేల లేని మనుషులు నీళ్ల మీద కట్టుకున్న కల్యాణ మండపం అన్నమాట. తేలే రెస్టారెంటు అనే ఊహ ఏ వ్యాపారి బుర్రలోనూ పుట్టలేదు. నేల మీద కూర్చోనివ్వని వాళ్ల అవసరంలోంచి పుట్టింది.

ఆ తిండి బాగుంటుందని ఒడ్డు మీది వాళ్లకి తెలియడం మొదలైంది. పడవ పక్కన నీళ్లలో దించిన బుట్టల్లో బతికున్న చేపలు, పీతలు, రొయ్యలు, వేలు పెట్టి చూపిస్తే అదే తీసి వండి పెడతారు. 1950ల మొదట్లో తాయ్ పాక్ అనే తేలే రెస్టారెంటు వచ్చింది, దాని పేరు చైనా మహాకవి లి బై పేరు మీద పెట్టుకున్నది. అప్పటికి చుట్టూ వందల పడవల కాపురాలు ఇంకా ఉన్నాయి, సంపాన్ అనే చిన్న పడవల్ని ఆడవాళ్లు నడుపుకుంటూ వచ్చి గిరాకీని ఎక్కించుకుని రెస్టారెంటు దాకా దింపేవాళ్లు. వచ్చే చేప వాళ్లది, నడిపే చెయ్యి వాళ్లది, శుభకార్యమొస్తే కూర్చునే బల్ల కూడా వాళ్లదే.

జంబో కట్టడం మొదలైంది ఆ తర్వాతే, దాని మొదటి అధ్యాయం గురించి కన్నీళ్ల వ్యాసాల్లో ఒక్క వాక్యం కంటే ఎక్కువ ఉండదు. 1971 అక్టోబరు 30న, ఇంకా తెరవక ముందే, అందులో మంటలు రేగి 34 మంది చనిపోయారు, 42 మంది గాయపడ్డారు. గిరాకీ ఎవరూ లేరు, అప్పటికి అందులో ఉన్నది పనివాళ్లే. రాణిగారి పేరు ప్రతి వ్యాసంలోనూ ఉంది, ఆ 34 మందిలో ఒక్కరి పేరు కూడా నాకు ఎక్కడా కనిపించలేదు. మావ అడిగిన మొదటి ప్రశ్న, “లోపల ఎంతమంది ఉన్నార్రా” అన్నది, జంబోకి సంబంధించినంతవరకు 1971లో అడగాల్సిన ప్రశ్న.

ఆ కాలిపోయిన దాన్ని స్టాన్లీ హో కొని, మళ్లీ కట్టడానికి నాలుగేళ్ల పైన పట్టి, మూడు కోట్ల హాంకాంగ్ డాలర్లకి పైగా ఖర్చయి, 1976 అక్టోబరులో తెరిచారు. డ్రాగన్లు, పగోడా కప్పులు, లోపల బంగారు రంగు సింహాసనం, చక్రవర్తి బట్టలు వేసుకుని దాని మీద కూర్చుని ఫోటో దిగొచ్చు. ఒకప్పుడు ఏ చక్రవర్తి కాలంలోనైతే నీళ్లమీది మనుషులకి ఒడ్డు లేదో ఆ చక్రవర్తి వేషం తెచ్చి వాళ్ల రేవులో పెట్టారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం. ఇంతలో ఆ మనుషులు మెల్లగా పడవలు దిగిపోయారు. చేపల వేట తగ్గింది, పిల్లలు ఫ్యాక్టరీ పనులకి వెళ్లారు, ప్రభుత్వం కట్టిన ఎత్తైన అపార్ట్‌మెంట్లలోకి కుటుంబాలు మారాయి. మంచిదే, ఎవరు మాత్రం పిల్లల్ని నడుముకి తాడు కట్టి పెంచాలనుకుంటారు? కానీ రెస్టారెంటు మాత్రం అక్కడే మిగిలింది, చుట్టూ ఉన్న బతుకు పోయాక, టూరిస్టు బస్సుల కోసం.

మావ అక్కడ దిగింది ఆ రోజుల్లోనే. “తిన్నావా మావా అందులో?” అని చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. “దాంట్లో తినాలంటే నా నెల జీతం అక్కడ పెట్టీసి రావాల్రా” అనేవాడు. ఆయన తిన్నది సంపాన్‌లో. ఒకావిడ పడవలోనే చిన్న పొయ్యి పెట్టుకుని గంజి అమ్ముతోందట. మెత్తగా జావలా ఉడికిన బియ్యపు గంజి, అది మరుగుతుండగానే పలచగా కోసిన పచ్చి చేప ముక్కలు వేసి, ఆ వేడికే ముక్క తెల్లబడగానే గిన్నెలో పోసి, పైన వేయించిన వేరుశెనగ గింజలు, ఉల్లికాడలు జల్లి, ఈయన పడవ అంచు పట్టుకుని ఊగుతుంటే జాగ్రత్తగా రెండు చేతులతో అందించిందట. ‘సంపాన్ గంజి’ అని దానికి పేరుంది, పడవల వాళ్ల తిండి అది, ఇప్పుడు హాంకాంగ్ మొత్తం ఒడ్డు మీది హోటళ్లలోనూ దొరుకుతుంది. మావ ప్రతిసారీ చెప్పేది ఒకటే, “మన తరవాణి గుర్తొచ్చినాదిరా, ఉప్పు తక్కువ, అంతే తేడా.”

ఆ రోజు ఆయన ముందు రెండు తేలే హోటళ్లున్నాయి. ఒకటి 80 మీటర్లది, ఒకటి పది అడుగులది. పది అడుగుల దాని తిండి ఇవాళ్టికీ బతికుంది. పెద్దది సముద్రంలో తిరగబడిపోయింది.

ఎలా మునిగింది అన్నదాని మీద కూడా గొడవ పడ్డారు. కరోనాతో 2020 మార్చిలో మూతపడింది. ఆ ఏడాది చివర్లో యజమానులు దాన్ని ఓషన్ పార్కు అనే వినోద పార్కుకి దానంగా ఇస్తారని, పునరుద్ధరిస్తామని ప్రభుత్వం ప్రకటించింది, తర్వాత అది సాగలేదు. 2013 నుంచీ నష్టాలేనని, మొత్తం 10 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటాయని, డజనుకి పైగా సంస్థలకి ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోలేదని యజమానులు చెప్పారు. 2022 జూన్‌లో లైసెన్సు ముగుస్తోంది. మే నెలాఖరున రాత్రిపూట, జంబో కంటే ముందే, దాని వంట పడవ ఒరిగి మునిగింది. (జంబోకి వంటిల్లు వేరే పడవ మీద, వెనక ఉండేది. మన పెళ్లిళ్లలో పెరట్లో గాడిపొయ్యి తవ్వి వండినట్టే, వేడీ పొగా భోజనాల వైపు రాకుండా.) రెండు వారాల తర్వాత జంబో బయల్దేరింది, కంబోడియాకని అనుమతి తీసుకున్నారు. మునిగిందని ఒకసారి, తిరగబడింది అన్నామే కానీ మునిగింది అనలేదని ఇంకోసారి యజమానుల మాటలు మారాయి, మాకెందుకు చెప్పలేదని హాంకాంగ్ నౌకా విభాగం నివేదిక అడిగింది.

ఇందులో కుట్ర ఉందా లేదా అన్న చర్చలోకి నేను పోను. సముద్రం గురించి కొంచెం తెలిసిన ఎవరికైనా ఇది భయపెట్టే ప్రయాణమే. రేవులో కదలకుండా కూర్చోవడానికి కట్టిన బల్లపరుపు అడుగు, దాని మీద మూడంతస్తుల గోడలు. ఆ గోడలన్నీ గాలికి తెరచాపలే. అలల్లో ఒకసారి లోపలికి నీళ్లు వస్తే అవి ఒక చోట నిలబడవు, పడవ ఎటు ఒరిగితే అటు పరుగెత్తి ఇంకా ఒరిగేట్టు చేస్తాయి. పడవలో చేరిన నీళ్లు తోడకుండా ముందుకి పోకూడదని మా పల్లెలో పదేళ్ల గుంటడికి కూడా తెలుసు.

ఇక్కడ రెండు రకాల వాళ్లతో నాకు పేచీ ఉంది. ఒకరు, అదొక వ్యాపారం, నష్టాలొచ్చాయి, పోయింది, దానికి ఏడుపెందుకు అనేవాళ్లు. ఇంకొకరు, వారసత్వ సంపద కదా, ఎంత ఖర్చైనా ప్రభుత్వం కాపాడాల్సింది అనేవాళ్లు. మొదటివాళ్లు 34 ప్రాణాలు పోయిన చోటుని, తరాల పెళ్లిళ్లు జరిగిన రేవుని బ్యాలెన్స్ షీటులో వెతుకుతున్నారు. రెండోవాళ్లు కాపాడమంటున్నది దేన్ని? రంగు వేసిన డొల్లనా? ఏడ్చినవాళ్లలో చాలామంది తామే చెప్పుకున్నారు, చిన్నప్పుడు ఒక్కసారి వెళ్లాం, మళ్లీ వెళ్లలేదు అని. ఊళ్లోవాళ్లు తినడం మానేసిన హోటలుకి పరాయివాళ్లు ఎంతమంది వచ్చి ఫోటోలు దిగినా ఆయుష్షు పెరగదు. ఏ రోజైతే ఆ రేవులోని కుటుంబం తమ పిల్ల పెళ్లి భోజనాలు అందులో పెట్టుకోవడం మానేసిందో ఆ రోజే జంబో మునిగిపోయిందని నేను నమ్ముతాను. 2022లో జరిగింది మిగతాది.

ఇదంతా ఎందుకు ఇంత పట్టించుకుంటున్నానంటే, మన దగ్గర కూడా ఈ మాట పదే పదే వస్తోంది. 2020 అక్టోబరు 13న వాయుగుండం తాకిడికి ‘ఎంవీ మా’ అనే బంగ్లాదేశ్ సరుకుల ఓడ విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చింది, 15 మంది సిబ్బందినీ క్షేమంగా దింపారు. ఆ ఓడనే రెస్టారెంటు చేస్తామన్న ప్రకటన వచ్చినప్పుడు శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి జనం బండ్లేసుకుని వెళ్లి చూసొచ్చారు. నేనూ వెళ్లాను. ఆ రాళ్ల మీద నిలబడి అందరూ ఓడ వైపు చూస్తున్నారు, ఓడకి అవతల వేటకెళ్తున్న ఫైబర్ బోట్ల వైపు ఎవరూ చూడలేదు. అప్పటి నుంచి కళింగపట్నంలో ఒకటి పెడితే ఎలా ఉంటుంది, నాగావళి మీద పెడితే ఎలా ఉంటుంది, భోగాపురం విమానాశ్రయం వస్తోంది కాబట్టి ఆ తీరంలో పెడితే ఎలా ఉంటుంది అని మాట్లాడుకునేవాళ్లు ఎక్కువయ్యారు.

వద్దని నేను అనను. నాకు కూడా నీళ్ల మీద కూర్చుని చందువ వేపుడు తినాలనే ఉంటుంది. కానీ ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ చూసినవాళ్లం, అలాంటి రాత్రి ఆ పడవ ఎక్కడ దాక్కుంటుంది? అబెర్డీన్‌కి తుపాను రేవు ఉంది, మన తీరంలో చాలా పల్లెలకి జెట్టీయే లేదు, పడవని మనుషులే భుజం పెట్టి ఇసుకలోకి నెట్టుకొస్తారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన గాయం మనకి ఇంకా పచ్చిగానే ఉంది, పడవ మీద ఎంతమంది ఎక్కాలి, వద్దని చెప్పే అధికారం ఎవరికి ఉండాలి అన్నది మెనూ కార్డు కంటే ముందు రాయాలి.

అంతకంటే ముఖ్యం, అందులో వండేది ఎవరు? ఏ పట్నం నుంచో చెఫ్ వచ్చి చికెన్ మంచూరియా, పనీర్ టిక్కా పెడితే అది నేల మీదే పెట్టుకోవచ్చు. మా పల్లెల్లో ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్ముకొచ్చి, సాయంత్రం మిగిలిన కానాగంతల్ని చింతపండు పులుసులో దించుతారు, నూనె పెద్దగా పడదు, పులుసు మాత్రం మర్నాటికి ఇంకా బాగుంటుంది. సంపాన్‌లో గంజి అమ్మినావిడకీ వీళ్లకీ నాకు తేడా కనిపించదు. ఆ పులుసు వండేవాళ్లకి వాటా ఉండాలి, జీతం కాదు, వాటా. పల్లెలో పెళ్లైతే ఆ పడవ వాళ్లకి అందుబాటు ధరకి దొరకాలి. మా మావ లాంటి ఖలాసీ ఒడ్డున నిలబడి దీపాలు చూసి వెనక్కి వచ్చేసే హోటలైతే మనకి అక్కర్లేదు.

జ్ఞాపకం కోసమే అయితే మునిగిన ఓడ మనకి ఎప్పుడో ఉంది. 1917లో చిల్కా అనే స్టీమరు మంటలంటుకుని బారువ తీరానికి దగ్గర్లో మునిగింది. ఈదడం వచ్చినవాళ్లు ఇప్పుడు కిందికి దిగి దాన్ని చూసొస్తున్నారు, దాని ఇనుప ఎముకల చుట్టూ చేపలు కాపురం పెట్టాయి. జంబోకి ఆ అదృష్టం కూడా లేదు, అంత దూరం నడిసముద్రంలోకి ఎవరు వెళ్తారు. జంబో పోయినప్పుడు తాయ్ పాక్ మాత్రం అబెర్డీన్‌లోనే ఉండిపోయింది, చిన్నది, పాతది, పెళ్లిళ్ల కాలానికి దగ్గరగా పుట్టింది.

మొన్న మాఘమాసంలో మావ వాళ్ల పక్కింటి పిల్ల పెళ్లికి వెళ్లాను. పల్లెలోనే, ఇసుకలోనే. పడవల్ని రెండు వరసలుగా పక్కకి జరిపి మధ్యలో టెంటు వేశారు, బల్లలు ఇసుకలో ఒరుగుతుంటే కాళ్ల కింద కొబ్బరి మట్టలు పెట్టారు. గాలి సముద్రం వైపు నుంచి వస్తోందని గాడిపొయ్యిని టెంటుకి అటు పక్క తవ్వారు. సాయంత్రానికి మూడు పంక్తులు లేచాయి. మావ నా పక్కన కూర్చుని తినడం ముగించి చెయ్యి కడుక్కోవడానికి లేచి, వంట దగ్గర ఆగి ఏదో అడుగుతున్నాడు. వెళ్లి చూస్తే పెద్ద సత్తుగిన్నెలు రెండు, పులుసు నిండా పోసి, పైన అరిటాకు కప్పి, ఆకు ఎగిరిపోకుండా తాడుతో కట్టి పక్కన పెట్టున్నాయి. రెండు పడవలు ముందు రోజు వేటకి వెళ్లినవి ఇంకా రాలేదట. “ఒక్కో పడవకి ఆరుగురు, సరిపోతాదా?” అని మావ అడుగుతున్నాడు. వంటావిడ ఇంకో నాలుగు ముక్కలు ఏరి, ఆకు తీసి ఒక గిన్నెలో వేసి మళ్లీ కట్టింది.